వంగరట్టా

చెప్పకుండా వెళ్లడమే మా ఉద్యోగంలో మర్యాద.
విక్టోరియాలో ఈ ఊరి పేరు వంగరట్టా.
మొదటిసారి మ్యాపులో చూసి నాలో నేనే నవ్వుకున్నాను:
వంగి చూడు, రట్టు చెయ్యి.
నా కొలువు సంగతి ఈ ఊరికి ముందే తెలిసినట్టుంది.

పదకొండున్నర. నీడ పడ్డచోట గడ్డి మీద ఇంకా మంచు.
గేటు గొళ్లెం పెద్దవాళ్ల చేతికే అందే ఎత్తులో ఉంది, సరే.
కంచె పక్కన ఎవరో బోర్లించి వదిలేసిన పాల క్రేటు,
మూడేళ్ల కాలికి మొదటి మెట్టు.
రాసుకున్నాను.

డైరెక్టర్ గ్లెనిస్ మెడలో తాళాల గుత్తి.
పెళ్లివారు ఒకరోజు ముందే దిగితే
నవ్వే నవ్వు నవ్వింది.
"కాఫీ?"
వద్దన్నాను. అది నాకు నేను పెట్టుకున్న నిబంధన.

ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీలు.
గుడ్డు పడని పాప ఫోటో వంటగది తలుపు లోపలివైపు.
నేల కొలిచాను, తలకి మూడుంపావు చదరపు మీటర్లు.
టేపు చరచరా వెనక్కి పోతుంటే
పాము పాము అని నలుగురు వెంటపడ్డారు.
ఫెర్గస్ అనేవాడు నా మోకాలికి ఆనుకుని నిలబడి
"నన్ను కూడా కొలు" అన్నాడు.
తొంభై ఎనిమిది సెంటీమీటర్లు.
రాయడానికి గడి లేదు. అట్ట వెనక రాసుకున్నాను.

తర్వాత నిద్రగది.
పసివాళ్ల పెదవుల రంగు తెలిసేంత వెలుతురు ఉండాలి. ఉంది.
నాలుగు కటకటాల మంచాలు. గోడకి ఒక పట్టీ,
పది నిమిషాలకోసారి చూసి టిక్కు పెట్టాలి.
పన్నెండూ పది, టిక్కు.
పన్నెండూ ఇరవై, టిక్కు.
పన్నెండున్నర, టిక్కు.
పన్నెండూ నలభై, టిక్కు.
నా గడియారంలో పన్నెండూ ఇరవైమూడు.

ఇంకా పుట్టని నిమిషాలకి సాక్షి సంతకం.

కాగితం అబద్ధమాడితే గది కూడా ఆడుతూ ఉంటుంది,
వెతుకు, అని మాకు నేర్పారు.
వెతికాను.
నేల మీద కూర్చుని ఉంది బ్రైడీ, పందొమ్మిదేళ్లుంటాయేమో,
కటకటాల సందులోంచి చెయ్యి లోపలికి చాపి
ఒక బుల్లి వీపు మీద అరచెయ్యి.
తిమ్మిరెక్కి ఎంతసేపయిందో, వేళ్లు పాలిపోయాయి.
వీపు లేచినప్పుడల్లా చెయ్యి లేస్తోంది.

గ్లెనిస్‌ని లోపల కూర్చోబెట్టి ఆ పిల్లని బయటికి పిలిచాను.
చెవుల దాకా ఎర్రబడింది.
"పెన్ను నొక్కితే టక్కుమంటుంది. ఆ చప్పుడుకి ఒట్టిలీ లేస్తుంది.
తను లేస్తే నలుగురూ లేస్తారు.
అందుకే ముందే పెట్టేస్తాను.
నేనెటూ కదలను కదా."

నమ్మాను.
నేను నమ్మినంత మాత్రాన పట్టీ నిజమైపోదు.
రేపు అక్కడ కూర్చునేది ఇంకొకరు కావచ్చు,
ఆ చేతిలో ఫోను ఉండొచ్చు,
గోడ మీద మాత్రం ఇవే టిక్కులు.
రాశాను: నిబంధన నెరవేరలేదు.
చెయ్యి వణకలేదు గానీ
అక్షరాలు మామూలుకన్నా చిన్నవి పడ్డాయి.

సంచి అడుగున, టేపు కింద,
సగం అరిగిన పెన్సిలు ఒకటి దొరికింది.
"ఇది చప్పుడు చెయ్యదు."
పెన్సిలు రాత రికార్డుకి చెల్లుతుందా అని
మా ఆఫీసులో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో
కారు హైవే ఎక్కాక గానీ తట్టలేదు.

ఆరు వారాలకి గ్లెనిస్ పంపిన కాగితాలు వచ్చాయి.
క్రేటు తీసేసిన కంచె ఫోటో.
నిద్రగది పట్టీలు ఇరవై ఆరు పేజీలు,
బూడిదరంగు టిక్కులు,
తడుముకుంటూ పెట్టినట్టు కొన్ని గీత దాటి పోయాయి.
ఒక మంగళవారం, ఒంటిగంటా పది,
గడి ఖాళీ.
పక్కన చీమల్లాంటి అక్షరాలు:
"ఎత్తుకున్నాను. చెయ్యి ఖాళీ లేదు."

దాని మీద వేలు పెట్టి రాసి చూశాను.
జిరాక్సు కదా,
పెన్సిలు అంటలేదు.